కణితి పగలకుండా రావాలి: పిల్లల క్యాన్సర్‌లో కీహోల్ సర్జరీపై పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే విషయం చుట్టూ తిరిగాయి: క్యాన్సర్ ఉన్న పిల్లలకు పెద్ద కోత లేకుండా, చిన్న రంధ్రాల గుండా, అంటే కీహోల్ పద్ధతిలో, ఆపరేషన్ చేయవచ్చా, చేస్తే అది క్షేమమేనా. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి, రాసినవారి వివరాలు తీసేసి ఇక్కడ ఇస్తున్నాం. సమాధానాలు రాసినవారు పిల్లల క్యాన్సర్ ఆపరేషన్లు చేసే సర్జన్.

ప్రశ్న: మా బాబుకు మూడేళ్లు. ఎడమ కిడ్నీలో విల్మ్స్ కణితి ఉందని నాలుగు వారాలు కీమో ఇచ్చారు. కణితి కొంత తగ్గింది. ఇప్పుడు పొట్ట మీద అడ్డంగా పెద్ద కోత పెట్టి, కిడ్నీతో సహా తీసేస్తామంటున్నారు. కీహోల్ పద్ధతిలో చేయమని మేము పట్టుబట్టవచ్చా? వేరే ఆస్పత్రికి వెళ్లాలా? – ఒక తల్లి

జవాబు: అడగడంలో తప్పేమీ లేదమ్మా, అడగాలి కూడా. అయితే మీరు అడగవలసింది కోత పొడవు గురించి కాదు, కణితి గురించి. ఎందుకో చెబుతాను.

1899లో ఈ జబ్బు గురించి సమగ్రంగా రాసిన జర్మన్ సర్జన్ మాక్స్ విల్మ్స్ పేరు మీద పిలిచే ఈ కణితి చేతికి చాలా మెత్తగా తగులుతుంది. దాని చుట్టూ ఉండేది పలచని పొర మాత్రమే. ఆపరేషన్ సమయంలో కాస్త ఒత్తిడి ఎక్కువైనా ఆ పొర చిరిగి, లోపలి ముద్ద కడుపులో చిందే ప్రమాదం ఉంది. అలా చిందితే, స్కాన్‌లో ఒకటో దశలా కనిపించిన జబ్బును కూడా మూడో దశగా లెక్కించవలసి వస్తుంది. అప్పుడు ఆ బిడ్డకు రేడియేషన్ ఇవ్వాలి, గుండెకు హాని చేసే అవకాశం ఉన్న డాక్సోరూబిసిన్ అనే మందునూ చికిత్సలో చేర్చాలి. ఒక్క చిరుగుకు బిడ్డ చెల్లించే మూల్యం అది. వార్డులోకి వచ్చిన ప్రతి ఒక్కరూ బాబు పొట్ట నొక్కి చూడకూడదని మేము మంచం దగ్గర కాగితం అంటించి పెట్టేది కూడా ఈ భయంతోనే. మీ సర్జన్ పెద్ద కోత పెడతానంటే అది ఆయన సౌకర్యం కోసం కాదు. కణితిని నొక్కకుండా, వంచకుండా, రెండు చేతుల్లోకి తీసుకుని బయటికి తేవడానికి చోటు కావాలి.

కణితి బయటికి రావడంతో పని పూర్తికాదు. కిడ్నీ రక్తనాళాల దగ్గర, వాటికి ఆనుకుని బృహద్ధమని పక్కన ఉండే లింఫు గ్రంథులను కూడా తీసి పరీక్షకు పంపాలి. ‘సియోప్’ అనే అంతర్జాతీయ పిల్లల క్యాన్సర్ నిపుణుల సంఘం తరఫున కిడ్నీ కణితుల బృందం రూపొందించిన 2016 నాటి ‘అంబ్రెల్లా’ ప్రణాళిక కనీసం 7 గ్రంథులు తీయాలని చెబుతుంది. గ్రంథులు తీయకుండా వదిలేస్తే వాటిలో జబ్బు ఉందో లేదో తెలియదు, తెలియకపోతే బిడ్డకు అవసరమైనంత చికిత్స అందదు. చిన్న రంధ్రాల గుండా చేసినప్పుడు సర్జన్లు తక్కువ గ్రంథులతో సరిపెట్టుకునే ధోరణి ఉందన్నది ఈ రంగంలో తరచుగా వినే విమర్శ, అందులో న్యాయం ఉందని నేను నమ్ముతాను.

అయినా కీహోల్ దారి పూర్తిగా మూసుకుపోలేదు. కీమో తర్వాత కుంచించుకుపోయిన విల్మ్స్ కణితిని లాపరోస్కోపీతో, అంటే కడుపులో చేసే కీహోల్ ఆపరేషన్‌తో, తీసిన అనుభవాన్ని బ్రెజిల్ సర్జన్లు 2004లో ప్రచురించారు. తర్వాత అనేక దేశాల్లో ఆ పని జరుగుతోంది. అంబ్రెల్లా ప్రణాళిక కూడా కొన్ని షరతుల మీద దీన్ని అంగీకరిస్తుంది. కణితి చిన్నదై, కిడ్నీ మధ్యలో ఉండి, చుట్టూ మంచి కిడ్నీ కండ మిగిలి ఉండాలి. అది వెన్నెముక అంచును దాటి మధ్యకు రాకూడదు. చుట్టుపక్కల అవయవాలకు పాకి ఉండకూడదు. కిడ్నీ సిరలోగాని, దాని నుంచి పెద్ద సిరలోకిగాని కణితి గడ్డ చొచ్చుకుపోయి ఉండకూడదు. కీమోకు ఏమాత్రం లొంగని కణితి పగిలే ప్రమాదం ఎక్కువ కాబట్టి దానికీ ఈ దారి పనికిరాదు. ఉత్తర అమెరికాలో చాలామంది పిల్లలకు ముందు ఆపరేషన్, తర్వాత కీమో అన్న క్రమం పాటిస్తారు; అక్కడ కణితి పూర్తి పరిమాణంలో ఉండగానే తీయాలి కాబట్టి కీహోల్‌కు వీలు మరీ తక్కువ.

ఇక కణితిని సంచిలోకి ఎక్కించే ఘట్టం ఎలా ఉంటుందో చూడండి. రక్తనాళాలన్నీ కట్టేసి, కిడ్నీని నలువైపులా విడదీశాక, చుట్టచుట్టిన ఒక పలుచని ప్లాస్టిక్ సంచిని రంధ్రం గుండా లోపలికి పంపి మూతి తెరుస్తాం. అప్పుడు కణితిని పట్టుకోకూడదు. దాని చుట్టూ ఉన్న కొవ్వునో, తెగిన మూత్రనాళం కొసనో పట్టుకుని, పరికరం పక్కభాగంతో మెల్లగా తోస్తూ సంచిలోకి జార్చాలి. మూతి బిగించాక, జననాంగాలకు పైన పొత్తికడుపు కింది మడత దగ్గర అడ్డంగా ఒక కోత పెట్టి, సంచి బలవంతం లేకుండా జారి వచ్చేవరకు దాన్ని వెడల్పు చేయాలి. చిన్న కోత సరిపోవాలని కణితిని లోపలే ముక్కలు చేసి లాగడం ఇక్కడ నిషిద్ధం. తీసిన కణితిని పరీక్షించే పాథాలజిస్టు దాని పైపొరకు సిరా పూసి, పొరలు పొరలుగా కోసి, జబ్బు అంచుదాకా వచ్చిందా లేదా అని చూస్తారు. ముక్కలైన కణితికి అంచు ఎక్కడో ఎవరూ చెప్పలేరు. అంటే కీహోల్ అన్నా ఒక కోత తప్పదు, కణితి పెద్దదైతే ఆ కోతా పెద్దదే అవుతుంది.

కాబట్టి మీ సర్జన్‌ను ఇలా అడగండి: సిరలో గడ్డ ఉందా, కణితి వెన్నెముక అంచు దాటిందా, కిడ్నీలో కొంత భాగాన్ని నిలుపుకునే వీలుందా. చివరి ప్రశ్న ముఖ్యం. కిడ్నీలో కొంత మిగిల్చుకోగలిగితే, కోత పెద్దదైనా అదే మేలు. రెండో అభిప్రాయం కావాలంటే స్కాన్ సీడీని, రిపోర్టులను మరో నిపుణుడికి పంపించండి. బాబును వెంటబెట్టుకుని ఆస్పత్రులు తిరగడంలో రోజులు పోగొట్టుకోకండి, ఎందుకంటే ఆపరేషన్ తేదీ కీమో క్రమంతో ముడిపడి ఉంటుంది.

ప్రశ్న: కీహోల్ ఆపరేషన్‌లో కడుపులోకి గ్యాస్ నింపుతారట. మా మనవరాలికి ఎనిమిది నెలలే. అంత పసిబిడ్డ దాన్ని తట్టుకుంటుందా? – ఒక తాతయ్య

జవాబు: తట్టుకుంటుంది, అయితే పెద్దవాళ్లకు నింపినట్టు నింపకూడదు. కడుపు గోడ పైకి లేచి, లోపల కెమెరా తిప్పడానికి చోటు ఏర్పడాలి కాబట్టి కార్బన్ డయాక్సైడ్ నింపుతాం. అది మండదు; రక్తంలో తేలికగా కరిగి ఊపిరి ద్వారా బయటికి పోతుంది. పెద్దవారిలో సాధారణంగా 12 నుంచి 15 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి వాడితే, పసిబిడ్డల్లో 6 నుంచి 8తో సరిపెడతాం. అంతకంటే పెంచితే పొట్ట ఉబ్బి, పొట్టకు ఛాతీకి మధ్య ఉండే డయాఫ్రమ్ అనే కండర పొరను పైకి తోస్తుంది, ఊపిరితిత్తులకు చోటు తగ్గుతుంది, గుండెకు తిరిగివచ్చే రక్తమూ తగ్గుతుంది. అందుకే ఈ ఆపరేషన్‌లో మత్తు డాక్టరుది సర్జన్‌తో సమానమైన పాత్ర. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత ఉందో తెర మీద క్షణక్షణం చూస్తూ, అది పెరిగితే వెంటిలేటర్ వేగం మార్చి, అవసరమైతే ‘కాసేపు గ్యాస్ వదిలేయండి’ అని మమ్మల్ని ఆపేది వారే. పసిబిడ్డ శరీరం త్వరగా చల్లబడుతుంది కాబట్టి ఒంటికి వెచ్చదనం తగ్గకుండా చూడడమూ వారి బాధ్యతే.

మనుషుల కడుపులోకి ఇలా చూసే పద్ధతి గురించి స్వీడన్ వైద్యుడు యాకోబియస్ 1910లోనే రాశారు. పిల్లల వరకు అది రావడానికి 1970ల దాకా ఆగవలసి వచ్చింది. గాజు కడ్డీలతో బ్రిటిష్ శాస్త్రవేత్త హాప్కిన్స్ రూపొందించిన కటకాల అమరిక వల్ల సన్నని గొట్టంలోంచి కూడా స్పష్టంగా కనిపించడం సాధ్యమయ్యాక, అమెరికాలో సర్జన్ స్టీఫెన్ గాన్స్ పిల్లల్లో దీన్ని ముందుకు తీసుకెళ్లారు. ఇప్పుడు పసిబిడ్డలకు వాడే పరికరాలు 3 మిల్లీమీటర్లవి, 5 మిల్లీమీటర్లవి. పసిబిడ్డల్లో కాలేయం పక్కటెముకల కిందికి దిగి ఉంటుంది, మూత్రాశయం పొట్టలోకి ఎక్కి ఉంటుంది. రంధ్రాలు ఎక్కడ పెట్టాలో పెద్దవారి కొలతలతో నిర్ణయించకూడదు. అందుకే పిల్లలకు ఆపరేషన్లు చేయడమే వృత్తిగా ఉన్న బృందం కావాలి.

ప్రశ్న: మా పాపకు పద్నాలుగు నెలలు. కుడివైపు కిడ్నీ పైన ఉండే ఎడ్రినల్ గ్రంథిలో 4 సెంటీమీటర్ల న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ కణితి ఉందని, కీహోల్‌లో తీస్తామని చెప్పారు. చిన్న రంధ్రంలోంచి క్యాన్సర్ లాగితే ఆ రంధ్రం పొడుగునా క్యాన్సర్ మొలుస్తుందని మా బంధువు ఒకరు భయపెడుతున్నారు. నిజమేనా? – ఒక తండ్రి

జవాబు: మీ బంధువు భయం పూర్తిగా గాలిలోంచి పుట్టింది కాదు. 1990లలో పెద్దపేగు క్యాన్సర్, పిత్తాశయ క్యాన్సర్ ఉన్న పెద్దవారిలో రంధ్రాలు పెట్టిన చోట జబ్బు తిరిగి మొలిచిన సంఘటనలు వెలుగులోకి రావడంతో సర్జన్లే ఈ పద్ధతి విషయంలో వెనకాడారు. ఆ తర్వాత కణితిని నేరుగా లాగకుండా సంచిలో పెట్టి తీయడం, పట్టుకునేటప్పుడు పగలకుండా చూడడం నియమాలుగా స్థిరపడ్డాయి. పిల్లల్లో రంధ్రం దగ్గర జబ్బు మొలవడం చాలా అరుదు. మీ పాప విషయంలో నేను దానికి భయపడను.

కీహోల్ సరిపోతుందా లేదా అన్నది తేల్చేది వేరే ఉంది. 2009లో ప్రచురించిన అంతర్జాతీయ న్యూరోబ్లాస్టోమా వర్గీకరణ ఆపరేషన్‌కు ముందు స్కాన్‌లో చూడవలసిన ప్రమాద సంకేతాలను ఒక జాబితాగా ఇచ్చింది. కణితి బృహద్ధమనిని చుట్టుకుందా, కిడ్నీ రక్తనాళాలను ఒరుసుకుంటోందా, వెన్నెముక రంధ్రాల్లోకి దూరిందా వంటివి అందులో ఉంటాయి. ఇవేవీ లేని చిన్న ఎడ్రినల్ కణితి కీహోల్‌కు అనువైన వాటిలో మొదటి వరుసలో ఉంటుంది. న్యూరోబ్లాస్టోమా సాధారణంగా విల్మ్స్ కంటే గట్టిగా ఉంటుంది కూడా.

కుడివైపు అన్నారు కాబట్టి ఒక మాట. కుడి ఎడ్రినల్ సిర చాలా పొట్టిది, నేరుగా శరీరంలోని అతిపెద్ద సిరలో కలుస్తుంది. కాలేయాన్ని పైకి ఎత్తిపట్టి, ఆ పెద్ద సిర నీలిరంగు గోడ వెంబడి మిల్లీమీటరు మిల్లీమీటరుగా విడదీస్తూ వెళితే అది కనిపిస్తుంది. దాన్ని క్లిప్పులతో మూసి తెంపేవరకు ఆపరేషన్ గదిలో ఎవరూ మాట్లాడరు. అక్కడ చిరిగితే వెంటనే పొట్ట తెరవవలసి రావచ్చు. అందుకు అవసరమైన పరికరాలు, రక్తం సిద్ధంగా ఉన్నాయా అని ముందే అడగడం మీ హక్కు.

ఇంకో సంగతి కూడా మీ డాక్టరుతో మాట్లాడండి. న్యూరోబ్లాస్టోమాలో 18 నెలల లోపు వయసు మంచి సూచన. కొందరు పసిబిడ్డల్లో చిన్న ఎడ్రినల్ కణితులు ఏ చికిత్సా లేకుండానే కుంచించుకుపోతాయి, వాటిని స్కాన్‌లతో, మూత్ర పరీక్షలతో గమనిస్తే చాలు. మీ పాప ఆ కోవలోకి వస్తుందా రాదా అన్నది కణితి పరిమాణం, బయాప్సీ (కణితి నుంచి ముక్క తీసి చేసే పరీక్ష), జన్యు పరీక్షల మీద ఆధారపడుతుంది. మరో మాట: ఈ జబ్బులో చివరి పిసరు వరకు తీయాలన్న పట్టుదలతో మంచి కిడ్నీని బలిపెట్టడం సరికాదు.

ప్రశ్న: నేను నర్సింగ్ విద్యార్థిని. కీహోల్‌లో చేసినా, తెరిచి చేసినా పిల్లలు ఒకే విధంగా బతుకుతారని రుజువు ఉందా? – ఒక పాఠకురాలు

జవాబు: చీటీలు వేసినట్టు కొందరు పిల్లలను ఒక పద్ధతికి, కొందరిని మరో పద్ధతికి కేటాయించి పోల్చిన అధ్యయనాలనే మీరు రుజువు అంటుంటే, కడుపు, ఛాతీ కణితులను తీసే విషయంలో వైద్య అధ్యయనాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష వెతికినప్పుడు అలాంటిది ఒక్కటీ దొరకలేదు. ప్రయత్నం జరగలేదని కాదు. 1990లలో అమెరికా పిల్లల క్యాన్సర్ బృందాలు అలాంటి అధ్యయనాలు మొదలుపెట్టి, తగినంతమంది పిల్లలు చేరకపోవడంతో మూసేశాయి. ఎందుకు విఫలమయ్యాయో 2002లో వాటిని నడిపినవారే నిజాయితీగా రాశారు. పిల్లల క్యాన్సర్లు ఒక్కొక్కటీ అరుదు, పైగా తన చేతికి అలవాటైన పద్ధతిని చీటీకి వదిలేయడానికి సర్జన్ మనసు ఒప్పుకోదు.

మిగిలినవి వెనక్కి తిరిగి చూసిన లెక్కలు. వాటిలో ఒక మెలిక ఉంటుంది: చిన్న, తేలికైన కణితులను కీహోల్‌కు, పెద్దవాటిని, రక్తనాళాలను చుట్టుకున్నవాటిని తెరిచి చేసే ఆపరేషన్‌కు ఎంచుకుంటారు. ఆ తర్వాత కీహోల్ పిల్లలు త్వరగా ఇంటికి వెళ్లారని, తక్కువ రక్తం పోయిందని రాస్తే, ఆ ఘనత పద్ధతిదా, కణితిదా? ఇలాంటి కథనాలు చదివేటప్పుడు మొదట కణితి పరిమాణాల పట్టిక చూడండి.

ఈ జాగ్రత్త అతిశయం కాదని చెప్పే ఉదాహరణ పెద్దవారి వైద్యంలో ఉంది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తొలిదశలో ఉన్న మహిళల్లో కీహోల్ పద్ధతి తెరిచి చేసే ఆపరేషన్‌తో సమానమని ఏళ్ల తరబడి అనుకున్నారు. 2018లో వెలువడిన అధ్యయనంలో రెండు పద్ధతులను నిజంగా పోల్చి చూస్తే, నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు తెరిచి చేసిన వర్గంలో 96.5 శాతం, కీహోల్ వర్గంలో 86 శాతం. చిన్న కోత మేలనుకున్న చోట ప్రాణాలకే తేడా వచ్చింది. పిల్లల కణితులు వేరు, ఆ అంకెలను ఇక్కడికి తెచ్చి అతికించకూడదు. కానీ ‘గాయం చిన్నది కాబట్టి మంచిదే అయి ఉంటుంది’ అన్న ఊహ మీద బిడ్డ క్యాన్సర్‌కు ఆపరేషన్ చేయకూడదని ఆ అంకెలు చూసినప్పుడల్లా నాకు నేను చెప్పుకుంటాను.

బయాప్సీల సంగతి వేరు. కడుపులోని కణితి నుంచి, ఛాతీలోని లింఫు గ్రంథి నుంచి ముక్క తీయడానికి, జబ్బు ఎక్కడిదాకా పాకిందో కళ్లారా చూడడానికి కీహోల్ ఎంతగానో ఉపయోగపడుతుంది. బిడ్డ త్వరగా కోలుకుంటాడు, కీమో త్వరగా మొదలవుతుంది. ఒక్క మినహాయింపు: గుండెకు ముందుభాగంలో పెద్ద గడ్డ ఉండి, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడని పిల్లలకు మత్తే ప్రమాదం. వారికి మత్తు ఇవ్వకుండా మరెక్కడి నుంచైనా ముక్క తీయగలమా అని మొదట వెతకాలి.

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. కాలి ఎముక క్యాన్సర్‌కు చికిత్స జరిగింది. ఇప్పుడు ఎడమ ఊపిరితిత్తిలో రెండు చిన్న గడ్డలు కనిపించాయి. ఒక సర్జన్ ఛాతీ తెరవాలంటారు, ఇంకొకరు థొరాకోస్కోపీ, అంటే ఛాతీలోకి కెమెరా పంపి చేసే కీహోల్ ఆపరేషన్, చాలంటారు. ఎవరి మాట వినాలి? – ఒక తల్లి

జవాబు: ఇద్దరూ నిజాయితీగానే చెబుతున్నారమ్మా. ఇది ఈ రంగంలో ఇంకా తేలని వాదం, దాన్ని తేల్చడానికి అమెరికా కేంద్రంగా పనిచేసే చిల్డ్రన్స్ ఆంకాలజీ గ్రూప్ రెండు పద్ధతులను నేరుగా పోల్చే అధ్యయనాన్ని ఈ దశాబ్దంలోనే మొదలుపెట్టింది.

ఛాతీ తెరవాలనేవారి వాదనకు మూలం వేలికొసలో ఉంది. ఆ వైపు ఊపిరితిత్తికి గాలి ఆపితే అది మెత్తని స్పాంజిలా ముడుచుకుంటుంది. దాన్ని రెండు వేళ్ల మధ్య పెట్టుకుని అంచు నుంచి అంచుకు నెమ్మదిగా తడుముతూ పోతే, ఆస్టియోసార్కోమా అనే ఎముక క్యాన్సర్ గడ్డ ఇసుకలో దొరికిన గులకరాయిలా గట్టిగా తగులుతుంది. దానిలో ఎముక పదార్థం ఉంటుంది కదా. స్కాన్‌లో రెండే ఉన్నాయనుకుని లోపలికి వెళ్లి, వేలికి మూడోది తగిలిన సందర్భాలు ఈ పని చేసే ప్రతి సర్జన్‌కూ తెలుసు. ఈ జబ్బులో ఊపిరితిత్తుల్లోని గడ్డలన్నిటినీ తీయగలగడం మీదే బతుకు చాలావరకు ఆధారపడుతుంది. కెమెరాకు వేలిస్పర్శ ఉండదు.

రెండో వైపు వాదనా బలమైనదే. ఈనాటి సన్నని పొరల సీటీ స్కాన్ పూర్వంకంటే ఎంతో మెరుగు. వేలికి తగిలినవన్నీ క్యాన్సర్ కావు. ఛాతీ తెరిస్తే నొప్పి ఎక్కువ; ఎదిగే వయసులో పక్కటెముకలు అతుక్కోవడం, వెన్ను వంకర తిరగడం, భుజం ఎముక పైకి తేలడం వంటివి తర్వాత కనిపించవచ్చు. ఈ జబ్బు మళ్లీ తిరగబెడితే మళ్లీ ఆపరేషన్ చేయవలసి వస్తుంది, అప్పుడు మొదటి ఆపరేషన్ వల్ల లోపలి పొరలు అంటుకుపోయి ఏర్పడే అతుకులు తక్కువగా ఉండడం మేలు. లోతుగా ఉన్న గడ్డను కెమెరాలో గుర్తుపట్టడానికి సీటీ సాయంతో ముందుగా సన్నని తీగ గుచ్చడం, లేదా నీలి రంగు ఎక్కించడం చేస్తారు.

కాలేయ క్యాన్సర్ అయిన హెపటోబ్లాస్టోమా ఊపిరితిత్తులకు పాకినప్పుడైతే ఇంకా మంచి ఉపాయం ఉంది. ఇండోసయనిన్ గ్రీన్ అనే రంగును ఆపరేషన్‌కు ముందే నరంలోకి ఎక్కిస్తాం. కాలేయ కణాలకు దాన్ని లోపలికి పీల్చుకునే గుణం ఉంది. క్యాన్సర్‌గా మారిన కాలేయ కణాలు పీల్చుకుంటాయి గానీ త్వరగా వదిలించుకోలేవు. ప్రత్యేక కెమెరాతో చూస్తే, ఊపిరితిత్తి మీద ఆవగింజంత గడ్డ కూడా పచ్చగా వెలుగుతుంది. మొదటిసారి చూసినవారు ఒక్క క్షణం చేయి ఆపకుండా ఉండలేరు. ఎముక క్యాన్సర్‌లో ఇది ఇంత నమ్మకంగా పనిచేయదు.

మీ అమ్మాయికి రెండు గడ్డలూ ఊపిరితిత్తి అంచుకు దగ్గరగా ఉండి, కొత్త స్కాన్‌లో మరేమీ కనిపించకపోతే థొరాకోస్కోపీ న్యాయమైన ఎంపికే. అందులో ఒకటి లోతుగా ఉన్నా, సంఖ్య పెరుగుతున్నా నేను తెరవడం వైపే మొగ్గుతాను.

ప్రశ్న: తొమ్మిదేళ్ల మా పాపకు కటి భాగంలో ఈవింగ్ సార్కోమా అనే ఎముక క్యాన్సర్. రేడియేషన్‌కు ముందు కీహోల్‌లో అండాశయాలు జరుపుతామంటున్నారు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు ఇదంతా అవసరమా? – ఒక తల్లిదండ్రుల జంట

జవాబు: అవసరమే. కీహోల్ గురించి ఇన్ని జాగ్రత్తలు చెబుతున్న నేను ఇక్కడ మాత్రం సందేహించను. అండాశయాల్లోని అండాలు తక్కువ మోతాదు రేడియేషన్‌కే నశిస్తాయి. అండాశయాన్ని దాని రక్తనాళాలు తెగకుండా విడదీసి, కిరణాలు పడని చోటికి జరిపి కుట్టి, ఎక్కడుందో రేడియేషన్ వైద్యులకు తెలిసేలా చిన్న లోహపు క్లిప్పు పెడతాం. పిల్లలు సాధారణంగా త్వరలోనే ఇంటికి వెళ్లగలరు.

రేడియేషన్ నుంచి తప్పించినా కీమో మందుల దెబ్బ మిగులుతుంది. అందుకని అదే మత్తులో ఒక అండాశయాన్నో, దాని పొరలో కొంత భాగాన్నో తీసి గడ్డకట్టించి దాచే వీలుందా అని అడగండి. రజస్వల కాని బాలికల నుంచి అండాలు సేకరించలేం కాబట్టి వారికి సంతానశక్తిని దాచుకునే దారి ఈ కణజాలమే. ఇలా దాచిన కణజాలాన్ని తిరిగి అమర్చాక బిడ్డ పుట్టిన తొలి సంఘటన 2004లో బెల్జియం నుంచి వచ్చింది. రక్త క్యాన్సర్ పిల్లల్లో ఆ కణజాలంలోనే జబ్బు కణాలు ఉండవచ్చు కాబట్టి తిరిగి అమర్చే విషయంలో ఆచితూచి వెళ్లాలి. మీ పాప చికిత్స ఆలస్యం కాకుండా తేదీ కుదిరితే ముందుకు వెళ్లండి.

ప్రశ్న: బాబుకు కీహోల్‌లో కణితి తీశారు. రంధ్రాలు పొట్ట మీద ఉంటే భుజం నొప్పి అంటున్నాడు. కీమో ఎప్పుడు మళ్లీ మొదలవుతుంది? – ఒక తల్లి

జవాబు: డయాఫ్రమ్‌కు, భుజానికి నరాలు మెడలో ఒకే చోటి నుంచి వస్తాయి. మిగిలిన గ్యాస్ డయాఫ్రమ్‌ను గీరితే మెదడు దాన్ని భుజం నొప్పిగా భావిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. కీమో సాధారణంగా వారం రెండు వారాల్లో మొదలుపెట్టగలం. ఈ వేగమే కీహోల్ వల్ల కలిగే అసలైన లాభాల్లో ఒకటి. కడుపులో అతుకులు కూడా తక్కువ పడతాయి. పెద్ద కోతతో విల్మ్స్ కణితులు తీసిన అమెరికా అధ్యయనంలో సుమారు 5 శాతం పిల్లలకు పేగు అడ్డుపడింది. కాబట్టి కీహోల్ అయినా సరే, పచ్చని వాంతులు, పొట్ట ఉబ్బరం కనిపిస్తే ఆగవద్దు. కీమోలో ఉన్న బిడ్డకు జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, తాకితే అర్ధరాత్రయినా ఆస్పత్రికి రావాలి.

ప్రశ్న: కీహోల్ అని లోపలికి తీసుకెళ్లి, మధ్యలో పొట్ట కోశారు. మోసపోయామా? – ఒక తండ్రి

జవాబు: లేదు. కణితి అనుకున్నదానికంటే సిరకు అతుక్కుని ఉందనో, పొర పలచబడి పగిలేలా ఉందనో కనిపించిన క్షణంలో ఆగి, పొట్ట తెరవడానికి నిర్ణయించుకున్న సర్జన్ మీ బిడ్డకు మేలు చేశారు. ఆ అవకాశం గురించి ముందే మీకు చెప్పి సంతకం తీసుకోకపోతే మాత్రం అది లోపమే, అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: రోబోతో చేస్తే ఇంకా మంచిదా? – ఒక పాఠకుడు

జవాబు: రోబో తనంతట తాను ఏమీ చేయదు, సర్జన్ చేతి కదలికనే లోపలికి చేరుస్తుంది. మణికట్టులా తిరిగే కొనల వల్ల రక్తనాళాల పక్కన కుట్టడం సులువు. కానీ ఎక్కువగా వాడుకలో ఉన్న పరికరాలు 8 మిల్లీమీటర్లవి. పసిబిడ్డ పొట్టలో అవి ఒకదానికొకటి తగులుతాయి. పెద్ద పిల్లల్లో, ఎంపిక చేసిన కణితులకు మంచి సాధనం. పై జవాబుల్లో చెప్పిన షరతులన్నీ దానికీ వర్తిస్తాయి.

ప్రశ్న: అయిదేళ్ల పాపకు ఆపరేషన్ గురించి ఏం చెప్పాలి? ‘చిన్న చుక్కంత రంధ్రం, నొప్పే ఉండదు’ అని చెప్పాం. – ఒక తల్లి

జవాబు: అలా మాట ఇవ్వకండమ్మా. ‘డాక్టరు మందు ఇచ్చి నిన్ను నిద్రపుచ్చుతారు, నిద్రలో ఏమీ తెలియదు, లోపలున్న గడ్డను తీస్తారు, లేచాక కొంచెం నొప్పి ఉంటుంది, చెబితే మందు వేస్తారు, అమ్మ పక్కనే ఉంటుంది’ అని చెప్పండి. పొట్ట మీద కట్టు చిన్నదిగా ఉండొచ్చు, పెద్దదిగా ఉండొచ్చు, ఏదైనా గడ్డ తీయడానికేనని కలపండి. ఒక బొమ్మ పొట్ట మీద పాప చేతే రెండు రకాల కట్లూ అతికించనివ్వండి. మెలకువ వచ్చినప్పుడు తన పొట్ట మీద ఏ కట్టు కనిపించినా, పాప అప్పటికే దాన్ని ఒకసారి చూసి ఉంటుంది.